మనం కూర్చిన కంప్యూటరు మేలుకోకపోతే?

పిల్లలూ!

సైకిలు చెయిను ఊడితే మీరే వేసుకుంటారు. టార్చిలైటు వెలగకపోతే బ్యాటరీలు తీసి, తుడిచి, మళ్ళీ వేసి చూస్తారు. మరి కంప్యూటరు వెలగకపోతే? "అమ్మో, అది మనవల్ల ఏమవుతుంది!" అని దూరంగా జరుగుతారు. అవునా, కాదా?

అంత భయం అక్కరలేదు. బల్లమీద పెట్టుకునే డెస్క్‌టాప్ కంప్యూటరును హైస్కూలు పిల్లలు కూడా, పెద్దవాళ్ళు పక్కన ఉంటే, ఇంట్లోనే కూర్చవచ్చు. కావలసినవి ఒక స్క్రూ డ్రైవరు, ఒక పూట తీరిక, కాస్త ఓపిక. కాని అన్నీ బిగించి మీట నొక్కిన తరవాత ఒక్కొక్కప్పుడు ఆ పెట్టె ఉలకదు, పలకదు. అసలు పాఠం అప్పుడే మొదలవుతుంది. ఈ నెల ఆ పాఠమే చెప్పుకుందాం.

గది నిండా ఉన్నది పెట్టెలోకి వచ్చింది

1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవారు ఎనియాక్ అనే కంప్యూటరును లోకానికి చూపించారు. దాని బరువు సుమారు 30 టన్నులు. అందులో ఇంచుమించు 18,000 వాల్వులు ఉండేవి. వాల్వులంటే పాత రేడియోలలో ఎర్రగా వెలుగుతూ కనిపించే గాజు బుడ్లు. అటువంటి యంత్రాన్ని ఇంట్లో కూర్చడం మాట అటుంచి, ఇంట్లో పెట్టడమే కుదరదు. మన హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి.-12 అనే కంప్యూటరును తయారుచేసింది 1969లో. అదీ పెద్ద సంస్థలకోసం చేసినదే గాని ఇళ్ళకోసం కాదు.

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. కంపెనీ ఒక చిన్న కంప్యూటరును అమ్మకానికి పెట్టింది. అందులోని భాగాలు చాలావరకు ఇతర కంపెనీలు చేసినవి. పైగా దాని లోపలి నిర్మాణం ఎలా ఉంటుందో ఆ కంపెనీయే పుస్తకంలో అచ్చువేసింది. ఇంకేముంది? దానికి సరిపోయే భాగాలను తలా ఒకరు తయారుచేయసాగారు. తరవాత 1995లో ఇంటెల్ కంపెనీ ఏ.టి.ఎక్స్. అనే కొలతల పద్ధతి తెచ్చింది. బోర్డు ఎంత ఉండాలి, స్క్రూలకు రంధ్రాలు ఎక్కడ ఉండాలి, కరెంటు ప్లగ్గు ఏ ఆకారంలో ఉండాలి – ఇవన్నీ అందులో రాసి ఉన్నాయి.

కొలత కుదిరితే ఏ ఊళ్ళో కొన్న నట్టు అయినా ఏ ఊళ్ళో కొన్న బోల్టుకైనా పడుతుంది గదా! ఇదీ అంతే. ఒక దేశంలో చేసిన బోర్డు ఇంకో దేశంలో చేసిన పెట్టెలో చక్కగా కూర్చుంటుంది. మనం కంప్యూటరును ఇంట్లో కూర్చగలగడానికి కారణం ఈ ఒప్పందమే.

పెట్టెలో ఎవరెవరున్నారు?

ఇదంతా ఒక బడి అనుకోండి.

ప్రాసెసరు లెక్కల మాష్టారు. ఆయన చాలా వేగంగా లెక్కలు చేస్తారు. ఆయనకు వేడి కూడా ఎక్కువే. అందుకే నెత్తిమీద ఒక లోహపు దిమ్మ, దానిపైన ఒక ఫాను పెడతాం.

ర్యామ్ నల్లబల్ల. మాష్టారు చేస్తున్న లెక్క దానిమీద ఉంటుంది. కరెంటు పోతే బల్ల తుడిచేసినట్టే.

ఎస్.ఎస్.డి. బీరువా. నల్లబల్లమీద రాసినది పోయినా బీరువాలో దాచిన పుస్తకం పోదు. విండోస్ గాని, లైనక్సు గాని, మీ బొమ్మలు, పాటలు గాని ఉండేది ఇక్కడే.

మదర్ బోర్డు బడి ఆవరణ. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నా దీని వరండాల వెంటనే వెళ్ళాలి.

ఎస్.ఎం.పి.ఎస్. వంటశాల. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును ఈ యంత్రాలు తిన్నగా తినలేవు. దానిని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి, ఎవరికి తగినది వారికి వడ్డిస్తుంది.

ఇక బోర్డుమీద ఒక మూల బయాస్ అనే చిన్న చిప్పు ఉంటుంది. అది బడి ప్యూను. పొద్దున్నే వచ్చి గేటు తీసి, గదులన్నీ చూసి, గంట కొట్టేది అదే. ఈ ప్యూనును మరచిపోకండి. ముందు ముందు మనకు చాలా పని ఉంది ఇతనితో.

కూర్చే వరుస

మొదట మూడు జాగ్రత్తలు. ఒకటి – గోడ ప్లగ్గు పెట్టి ఉండగా లోపల చెయ్యి పెట్టరాదు. రెండు – ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరవాత కూడా అందులో 300 వోల్టులు దాటిన కరెంటు కొంతసేపు దాగి ఉండవచ్చు. మూడు – పొడి జుట్టు దువ్విన దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకోవడం చూశారు గదా? అటువంటి విద్యుత్తే మన ఒంటిమీద కూడా చేరుతుంది. సుమారు మూడు వేల వోల్టులు ఉంటే గాని మన వేలికి చురుక్కుమని తెలియదు. అంతకంటె చాలా తక్కువైనా చిప్పులకు చేటే. కాబట్టి మధ్య మధ్య క్యాబినెట్ ఇనుమును ముట్టుకుంటూ పనిచెయ్యండి.

ఇప్పుడు బోర్డును దాని అట్టపెట్టెమీదనే పరచుకోండి. సాకెట్టు మీట ఎత్తి ప్రాసెసరును దింపండి. ప్రాసెసరు మూలన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సాకెట్టు దగ్గర కూడా ఉంటుంది. రెండూ ఒక వైపుకు రావాలి. ఇంటెల్‌వారి ఎల్.జి.ఎ. 1700 సాకెట్టులో 1,700 పిన్నులు ఉంటాయి. వెంట్రుకలవంటి ఆ పిన్నులలో ఒకటి వంగినా చిక్కే. అందుచేత నొక్కకండి. వేళ్ళతో అంచులు పట్టుకుని దింపితే తన బరువుతో తానే కూర్చుంటుంది.

తరవాత ర్యామ్. డి.డి.ఆర్.4 స్టిక్కుకూ, డి.డి.ఆర్.5 స్టిక్కుకూ 288 పిన్నులే ఉంటాయి. కాని మధ్యలో ఉండే గాటు స్థానం వేరు. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. పట్టలేదంటే బలం చూపకండి, పేరు చూడండి. సరైనదైతే రెండు చివరలా సమంగా నొక్కగా టక్కుమని చప్పుడు వస్తుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్కులే పెట్టేటప్పుడు సాధారణంగా ప్రాసెసరు వైపునుంచి రెండో స్లాటూ, నాలుగో స్లాటూ వాడాలి. బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఆ బొమ్మ ఉంటుంది.

ప్రాసెసరుమీద బఠాణీగింజంత థర్మల్ పేస్టు పెట్టి, ఆపైన లోహపు దిమ్మను బిగించాలి. రెండు లోహాలూ నున్నగా కనిపించినా వాటి మధ్య కంటికి కనబడని సందులు ఉంటాయి. సందుల్లో గాలి ఉంటే వేడి దాటదు. పేస్టు ఆ సందులను పూడుస్తుంది. కొన్ని దిమ్మలకు అడుగున పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. అది ఒలిచారా? ఫాను తీగ బోర్డుకు గుచ్చారా? చూసుకోండి.

ఎస్.ఎస్.డి.ని కూడా పెట్టాక బోర్డును క్యాబినెట్‌లో దింపండి. అడుగున చిన్న చిన్న ఇత్తడి స్టాండాఫులు ఉంటాయి. బోర్డును ఇనుప రేకుకు తగలకుండా ఎత్తి పట్టుకునేవి అవే. బోర్డుకు ఎక్కడెక్కడ రంధ్రం ఉన్నదో అక్కడ మాత్రమే స్టాండాఫు ఉండాలి. ఒక్కటి ఎక్కువైనా అది బోర్డు వీపును పొడిచి షార్టు చేస్తుంది.

చివరికి తీగలు. 24 పిన్నుల వెడల్పు ప్లగ్గు బోర్డుకు. దానికి దూరంగా, ప్రాసెసరు దగ్గరి మూలన, 8 పిన్నుల ప్లగ్గు ప్రాసెసరుకు. ఈ రెండోదాన్ని మరచిపోయేవారు ఎందరో! విడిగా గ్రాఫిక్సు కార్డు ఉంటే దానికి కూడా తన ప్లగ్గు ఉంటుంది. ఇక క్యాబినెట్ ముందుభాగంలోని మీటనుంచి వచ్చే సన్నతీగలు మిగిలాయి. వాటిని ఎక్కడ గుచ్చాలో పుస్తకం చూసే గుచ్చాలి.

మీట నొక్కితే ఏం జరుగుతుంది?

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మేలుకోని యంత్రం గుట్టు అంతా ఇక్కడే ఉంది.

మన మీట కరెంటును తిన్నగా వదలదు. బోర్డుమీది రెండు పిన్నులను ఒక్క క్షణం కలుపుతుంది, అంతే. అప్పుడు బోర్డు ఎస్.ఎం.పి.ఎస్.ను "వంట మొదలుపెట్టు" అంటుంది. వంటశాలలో పొయ్యి వెలుగుతుంది. 12, 5, 3.3 వోల్టులు సరిగా కుదిరాయని చూసుకున్నాక "అంతా బాగుంది" అని అది ఒక సైగ పంపుతుంది. ఇందుకు పట్టేది అర సెకను లోపే. ఆ సైగ అందేదాకా ప్రాసెసరు కదలదు.

సైగ రాగానే లెక్కల మాష్టారు మేలుకుంటారు. కాని అప్పటికి ఆయనకు ఏమీ తెలియదు. ఒక్క చిరునామా మాత్రం పుట్టుకతోనే తెలుసు. ఆ చిరునామాకు వెడితే అక్కడ బయాస్ కనిపిస్తుంది. మన ప్యూను హాజరు పట్టీ తెరుస్తాడు. "ప్రాసెసరు ఉన్నారా? ర్యామ్ ఉన్నదా? తెరకు బొమ్మ పంపేవారున్నారా? బీరువా ఉన్నదా?" అని వరసగా పిలుస్తాడు. అందరూ పలికితే గంట కొట్టి, బీరువాలోని విండోస్‌నో, లైనక్సునో నల్లబల్లమీదికి ఎక్కిస్తాడు. బడి మొదలైందన్నమాట.

చూశారా? ఇదంతా ఒక వరుస. కనుక యంత్రం మేలుకోకపోతే "పాడైపోయింది" అని గుండె బాదుకోనక్కరలేదు. "వరుస ఎంతవరకు వచ్చి ఆగింది?" అని అడిగితే చాలు. ఆగిన చోటికి ముందున్నవారంతా పనిచేస్తున్నట్టే. అనుమానం ఆగిన చోటనే.

నాలుగు రకాల మౌనం

ఒకటో రకం – ఏదీ కదలదు. ఫాను తిరగదు, దీపం వెలగదు. అంటే వంటశాల దాకా కూడా పని రాలేదు. అదే గోడ ప్లగ్గులో ఫోను చార్జరు పెట్టి చూడండి. ఎస్.ఎం.పి.ఎస్. వెనక చిన్న స్విచ్చి ఉంటుంది. దానిమీద నిలువుగీత ఉన్న వైపు నొక్కి ఉండాలి. సున్నా వైపు ఉంటే ఆపినట్టు. 24 పిన్నుల ప్లగ్గు పూర్తిగా దిగిందా? అన్నీ సరిగా ఉంటే మీటమీదే అనుమానపడాలి. దానికొక తేలిక ఉపాయం ఉంది. కొన్ని క్యాబినెట్లకు రీసెట్ మీట కూడా ఉంటుంది. దాని తీగను పవరు మీట పిన్నులకు గుచ్చి, రీసెట్ నొక్కండి. యంత్రం కదిలిందా, దోషం పవరు మీటది.

రెండో రకం – ఒక్క క్షణం తిరిగి ఆగిపోతుంది. ఎక్కడో షార్టు ఉండవచ్చు. జారిపడిన స్క్రూ, ఎక్కువైన స్టాండాఫు వెతకండి. 8 పిన్నుల ప్లగ్గు చూడండి. కొన్ని సెకన్లు బాగా నడిచి ఆగిపోతున్నదంటే వేడి కారణం కావచ్చు. ప్రాసెసరు కాలిపోకుండా తనను తాను ఆపుకుంటుంది. లోహపు దిమ్మ సరిగా ఆనలేదేమో చూడాలి.

మూడో రకం – ఫాన్లన్నీ తిరుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ముందు తేలిక కారణాలు చూడండి. మానిటరు స్విచ్చి వేసి ఉన్నదా? గ్రాఫిక్సు కార్డు విడిగా ఉంటే మానిటరు తీగ ఆ కార్డుకే గుచ్చాలి, బోర్డుకు గుచ్చితే బొమ్మ రాకపోవచ్చు. ఇంటెల్ ప్రాసెసర్ల పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే అందులో బొమ్మ చూపే భాగం పనిచేయదు. దానికి విడి కార్డు ఉండి తీరాలి. డి.డి.ఆర్.5 ర్యామ్ అయితే మొదటిసారి బోర్డు దానిని పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆ కాస్త ఆగలేక మాటిమాటికీ మీట నొక్కితే పని మళ్ళీ మొదటికే వస్తుంది.

అప్పటికీ తెర రాకపోతే బోర్డునే అడగండి. ఈ రోజుల్లో చాలా బోర్డులమీద నాలుగు చిన్న దీపాలు ఉంటాయి – ప్రాసెసరుకు ఒకటి, ర్యామ్‌కు ఒకటి, గ్రాఫిక్సుకు ఒకటి, బీరువాకు ఒకటి. ప్యూను హాజరు ఎవరి దగ్గర ఆగితే ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది. కొన్ని బోర్డులు దీపాలకు బదులు బీప్ బీప్‌మని కూస్తాయి. ఎన్ని కూతలకు ఏమిటి అర్థం అన్నది కంపెనీని బట్టి మారుతుంది. పుస్తకం చూడాలి.

బోర్డుమీద రూపాయి బిళ్ళలాంటి 3 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. దాని పేరు సి.ఆర్. 2032. అంటే అడ్డకొలత 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు అని అర్థం. గోడ ప్లగ్గు తీసేసి, ఈ బిళ్ళను కొన్ని నిమిషాలు బయట పెట్టి మళ్ళీ వేస్తే చాలా బోర్డులలో బయాస్ అమరికలు మొదటి స్థితికి వస్తాయి. ఒక్కొక్కసారి అంతమాత్రానికే యంత్రం మేలుకుంటుంది.

నాలుగో రకం – తెర వెలిగింది, ఏవో అక్షరాలు వచ్చాయి, విండోస్ మాత్రం రాలేదు. ఇది జబ్బు కాదు, సంతోషించవలసిన విషయం! బడి తెరిచారు, బీరువా ఖాళీగా ఉంది, అంతే. పెన్‌డ్రైవునుంచి విండోస్ గాని, లైనక్సు గాని ఎక్కించుకోవడమే. బయాస్ జాబితాలో బీరువా పేరే కనిపించకపోతే మాత్రం ప్లగ్గు తీసి, ఎస్.ఎస్.డి.ని ఊడదీసి సరిగా పెట్టండి.

ఎంతకూ తేలకపోతే ఇంకొక పద్ధతి ఉంది. తరగతిలో అల్లరి ఎవరిదో తెలియనప్పుడు మాష్టారు ఏంచేస్తారు? అందరినీ బయటికి పంపి ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తారు. మీరూ అలాగే చెయ్యండి. ప్రాసెసరు, దాని ఫాను, ఒకే ఒక ర్యామ్ స్టిక్కు, తెరకు బొమ్మ పంపే భాగం – ఇవి తప్ప అన్నీ తీసేయండి. మేలుకుంటే, ప్లగ్గు తీస్తూ పెడుతూ, ఒక్కొక్కటే చేర్చండి. ఏది చేర్చగానే మూగపోయిందో దొంగ అదే.

దర్జీగారి అమ్మాయి నాలుగు వరసలు

మా వీధి చివర ఒక దర్జీగారు ఉన్నారు. ఆయన కూతురు పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో కంప్యూటరు భాగాలు కొన్నారు. రెండేళ్ళపాటు పండగ బట్టల కుట్టుకూలిలోంచి తీసిపెట్టిన డబ్బు అది. అమ్మాయి పుస్తకం ముందు పెట్టుకుని ఒక రోజంతా కూర్చున్నది. సాయంత్రం మీట నొక్కింది. ఫాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది.

అప్పుడు ఇంట్లో మేనమామ ఉన్నాడు. "చూశావా బావా! షాపువాళ్ళచేత చేయించమంటే విన్నావా? చిన్నపిల్ల చేతికిచ్చావు. అంతా కాలిపోయి ఉంటుంది" అన్నాడు. తండ్రి ఏమీ అనలేదు. కుట్టుమిషనుమీద ఉన్న బట్ట తీసి మడతపెట్టసాగాడు. ఆ మౌనానికే అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది.

ఆమె కబురు పంపితే నేను వెళ్ళాను. యంత్రాన్ని ముట్టుకోలేదు. "ఎంతవరకు వచ్చిందమ్మా?" అని మాత్రం అడిగాను.

"ఫాన్లు తిరుగుతున్నాయి మాష్టారూ. తీగలన్నీ చూశాను. బోర్డుమీద ర్యామ్ దీపం ఆరడం లేదు."

"అయితే ఎవరిని అడగాలి?"

"ర్యామ్‌ని" అన్నది కళ్ళు తుడుచుకుంటూ.

ఆ బోర్డుకు రెండు స్లాట్లు, ఆమె దగ్గర రెండు స్టిక్కులు. నోటుపుస్తకం తీసి గీతలు గీసింది. ప్రతిసారీ ప్లగ్గు తీసి, ఒకే మార్పు చేసి, గడియారం చూసి ఐదు నిమిషాలు ఆగింది. మొదటి స్టిక్కు మొదటి స్లాటులో – తెర వెలిగింది! రెండో స్టిక్కు మొదటి స్లాటులో – వెలగలేదు.

"తేలిపోయింది. రెండోది చెడ్డది. పదండి షాపుకు" అని మేనమామ లేచాడు.

"ఆగు మామయ్యా. అది సరిగా కూర్చోలేదేమో. రెండో స్లాటు సంగతి కూడా మనకింకా తెలియదు" అన్నది అమ్మాయి. రెండో స్టిక్కు రెండో స్లాటులో – వెలగలేదు. మొదటి స్టిక్కు రెండో స్లాటులో – వెలిగింది.

నాలుగు వరసలు చూడండి పిల్లలూ. మొదటి స్టిక్కు ఎక్కడ పెట్టినా పనిచేసింది. కాబట్టి రెండు స్లాట్లూ మంచివే. రెండో స్టిక్కు ఎక్కడ పెట్టినా పనిచేయలేదు. ఇక దోషం ఎవరిదో వేరే చెప్పాలా?

మర్నాడు షాపులో అనుకున్నంతా అయింది. "మీరే బిగించుకున్నారు గదా, మీరే పాడుచేసి ఉంటారు" అన్నాడు షాపు ఆయన. మేనమామ గొంతు పెంచబోయాడు. అమ్మాయి మాత్రం నోటుపుస్తకం తెరిచి బల్లమీద పెట్టింది. షాపు ఆయన ఆ నాలుగు వరసలూ చదివాడు. మరి మాట్లాడకుండా ఆ స్టిక్కును తన కంప్యూటరులో పెట్టి చూశాడు. అదీ మూగపోయింది. కొత్త స్టిక్కు తెచ్చి ఇస్తూ, "ఇది ఎవరు రాశారండీ?" అని అడిగాడు.

అంతవరకు నోరు మెదపని దర్జీగారు, "మా అమ్మాయి" అన్నారు.

పోట్లాడితే ఆ స్టిక్కు వచ్చేదో రాదో చెప్పలేం. నిజాన్ని వరసగా రాసి చూపించారు కనుక వచ్చింది.

పుస్తకానికి అంటించిన పురుగు

ఇలా రాసిపెట్టుకోవడం పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకు కూడా అలవాటే. 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారి మార్క్-2 కంప్యూటరు సరిగా పనిచేయలేదు. వెతకగా వెతకగా 70వ నంబరు రిలేలో ఒక చిమ్మట పురుగు ఇరుక్కుని కనిపించింది. వాళ్ళు దానిని పారేయలేదు. తమ దినచర్య పుస్తకంలో టేపుతో అంటించి, పక్కన 3 గంటల 45 నిమిషాలని వేళ వేసి, నిజంగా పురుగు దొరకడం ఇదే మొదటిసారి అని రాశారు. యంత్రంలో లోపాన్ని 'బగ్' అనడం, అంటే పురుగు అనడం, అంతకుముందే వాడుకలో ఉన్నది. అందుకే ఆ చమత్కారం. ఆ పుస్తకం ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

తల్లిదండ్రులకు ఒక మాట

అయ్యా, అమ్మా! మీ పిల్లలు యంత్రం విప్పినప్పుడు దగ్గర కూర్చోండి. భాగాల రసీదులు, అట్టపెట్టెలు భద్రంగా ఉంచండి. క్యాబినెట్‌ను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటున్నదంటే చాలా ఇళ్ళలో కారణం ఎర్తు సరిగా లేకపోవడమే. ముందు ఎలక్ట్రీషియనును పిలిచి దానిని సరిచేయించండి. ఆ తరవాతే తక్కిన పని.

ఇంకొకటి. యంత్రం మేలుకోనప్పుడు "నువ్వే చెడగొట్టావు" అనకండి. ఆ మాట విన్న పిల్ల మళ్ళీ స్క్రూ డ్రైవరు పట్టుకోదు. పైగా దర్జీగారి ఇంట్లో లాగ, ఆ మాట అబద్ధం కూడా కావచ్చు. "ఎంతవరకు వచ్చింది?" అని అడగండి. ఆ ప్రశ్నతో పిల్ల భయం పోయి ఆలోచన మొదలవుతుంది.

మీరు చేసి చూడండి

పిల్లలూ, ఇంట్లో కంప్యూటరు లేకపోయినా ఈ విద్య నేర్చుకోవచ్చు. ఒకే రకం టార్చిలైట్లు రెండు తీసుకోండి. ఒక్కొక్కదాంట్లో రెండేసి బ్యాటరీలు. మీకు కనబడకుండా ఒక టార్చిలో ఒక మంచి బ్యాటరీ తీసి, అయిపోయిన బ్యాటరీ వేసిపెట్టమని అన్నయ్యనో, అక్కయ్యనో అడగండి. ఇప్పుడు ఒక టార్చి వెలుగుతుంది, ఒకటి వెలగదు. దోషం టార్చిదా, బ్యాటరీదా? బ్యాటరీదే అయితే రెండింటిలో దేనిది?

ఒకసారికి ఒకే మార్పు చెయ్యాలి. ప్రతి మార్పునూ ఒక వరసగా రాయాలి. ఎన్ని వరసల్లో తేల్చగలరో చూద్దాం. జవాబు ఇక్కడ అచ్చువేయడం లేదు. అది మీ నోటుపుస్తకంలోనే ఉంటుంది.